ముత్తెమ్మ వీపు

నాందేడ్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లు నాటకాలు ఆడినన్నాళ్లూ గయ్యాళి అత్త వేషం ముత్తెమ్మదే. కొత్త కోడలిగా ఉన్నప్పుడే జుట్టుకు తెల్ల పౌడరు పూసుకుని అత్తయిపోయింది. నాటకం మర్నాడు కూరగాయల బజారులో ఆడవాళ్లు ఆమెను నిజంగానే తిట్టిపోసేవారు. ఆ తిట్లను ఆమె శాలువా కప్పించుకున్నంత దర్జాగా పుచ్చుకునేది. ఒక ఏడాది ఎవరూ తిట్టకపోయేసరికి రెండు పూటలు అన్నం సహించలేదు.

అలాంటి మనిషికి అరవైకి దగ్గరపడ్డాక సినిమా వేషం వచ్చింది. నిజామాబాద్ పిల్ల హరిప్రియ తన మొదటి సినిమా కిన్వట్ దగ్గర తీస్తూ, తల్లి పాత్రకు ముత్తెమ్మను పిలిచింది. ముత్తెమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు.

మొదటి రోజే చిక్కొచ్చిపడింది. కూతురు అలిగి ఇల్లు విడిచి పోతుంటే, తల్లి పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతూ వెనక్కి తిరిగి చూడకూడదు. కెమెరా ఆమె వెనకే ఉంది. కూతురు గడప దాటిందో లేదో, ముత్తెమ్మ గిరుక్కున తిరిగి, చేతులు చాచి, పక్క ఊరికి వినపడేలా ఏడ్చింది. మళ్లీ తీశారు. మళ్లీ తిరిగింది.

"అమ్మా, మీరు ఎనకకు మర్లొద్దు," అంది హరిప్రియ.

"ఎట్ల మర్లకుండుంటా బిడ్డా? జనానికి ఈపు సూపెట్టుడంటే జనాన్ని తిట్టినట్టే. మా నాటకాల పంతులు గట్లనే నేర్పిండు."

"ఈడ జనం లేరు కదమ్మా."

"లేకుంటే ఎవలకోసం ఏడుస్తున్న మరి?"

హరిప్రియ పక్కకు పోయి, సాయంత్రం లోపు కుదరకపోతే హైదరాబాద్ నుంచి ఇంకొకరిని రప్పిద్దామని కెమెరామన్‌తో అంది. ఆ మాట ముత్తెమ్మ చెవిన పడింది. వేషం పోతుందన్న భయం ఒకెత్తు, తన మొహం ఎవరికీ అక్కర్లేదన్న బాధ ఇంకొకెత్తు. చివరికి రెంటినీ మించి కోపం వచ్చింది.

"మీకు ఈపే కావాల్నా? మంచిది. ఈపుతోనే ఏడిపిస్త, తియ్యుండ్రి!"

ఈసారి కూతురు గడప దాటగానే రొట్టె కొట్టే చెయ్యి ఆగింది. మెడ కొంచెం కదిలి నిలిచిపోయింది. పీల్చిన ఊపిరి భుజాల దగ్గరే ఉండిపోయింది. మళ్లీ చప్పుడు మొదలైంది, ముందుకన్నా గట్టిగా, తాళం తప్పి. రొట్టె చిరిగినా కొడుతూనే ఉంది. ఆపమని చెప్పడం హరిప్రియ మరిచిపోయింది.

సినిమా నాందేడ్ వచ్చిన రోజు కాలనీ అంతా హాల్లోనే ఉంది. మొదటి వరుసలో భర్త కిషన్‌రావు పక్కన ముత్తెమ్మ కూర్చుంది. ఆ సన్నివేశం రాగానే వెనక నుంచి ఒకావిడ ఉండబట్టలేక అరిచింది.

"ఒక్కసారి మర్లి చూడు తల్లీ! పిల్ల పోతున్నది!"

ఇంకో గొంతు కలిసింది. మరాఠీలో ఒకరు, తెలుగులో ఒకరు, హాలు హాలంతా తెర మీది వీపును బతిమాలింది. ఏళ్ల తరబడి తిట్టిన నోళ్లే వెక్కివెక్కి ఏడ్చాయి.

"పాపం, ఎంత ఏడుస్తున్నరో చూడు," అన్నాడు కిషన్‌రావు కళ్లు తుడుచుకుంటూ.

ముత్తెమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఏడ్వనీ. నేనైతే మర్ల."