చల్లారిన బండి

తెల్లారి బర్రె పాలు పిండుతుంటే మొగుడు ఓబులేసు వెనక నిలబడి చెప్పాడు. "ఈ పొద్దు నువ్వు నోరు తెరవాకు. కారులో కూచో, దిగు, సంతకం పెట్టు. అంతే."

సంతకం మాట వినగానే సుబ్బరత్నమ్మ చేతిలోంచి బర్రె చన్ను జారింది. కల్లూరు కంట్రాక్టరు నరసన్న అమ్ముతున్న పాత కారు కోసం, తల్లి ఆమెకు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన రెండెకరాలు అమ్మాలి. పన్నెండేళ్లుగా అందులో నడుం వంచింది ఆమె, "నా చేను" అన్నది మొగుడు. కారున్నవాని పెండ్లాం వేలిముద్ర వేస్తే పరువేం కావాలని పది రోజులు పక్కన కూచుని పలక మీద పేరు దిద్దించాడు. పెళ్లయినాక ఆయన అంతసేపు పక్కన కూచున్నది అదే మొదలు. దానికి సంతోషపడినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

కల్లూరులో కొట్టం కింద నల్లకారు మెరుస్తోంది. నాలుగు దినాలుగా కదిలించలేదనీ, అయినా ఇనుప కడ్డీ ఒక్క తిప్పు తిప్పితే బండి అందుకుంటుందనీ నరసన్న చెప్పాడు. ఓబులేసు కర్నూలు నుంచి పిలిపించిన మెకానిక్ లేవి చక్రాలు తట్టి చూస్తున్నాడు. సుబ్బరత్నమ్మ ఊరికే బానెట్టు మీద చెయ్యానించింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా కాలింది. సంతలో పొదుగు నిండుగా కనబడాలని ముందురోజు నుంచి పాలు పిండకుండా తోలుకొచ్చే బర్రెలు గుర్తొచ్చాయి. మాట్లాడొద్దన్నాడు. మాట్లాడకపోతే చేను పోతుంది.

"నాలుగు దినాలు కదలని బండికి ఇంత కాక యాడిదన్నా?"

ఇదేం వంటిల్లు కాదులేమ్మా అని నరసన్న నవ్వాడు. ఓబులేసు ఆమెకేసి కళ్లెర్రజేశాడు. లేవి బానెట్టు తాకి తలొంచుకున్నాడు.

"అమ్మ అడిగింది నిజమే. కాక మీదుంటే ఎంత పాడుబండైనా అందుకుంటాది. చల్లారినాక తిప్పి చూడల్ల."

ఆమె అరుగు మీద కూచుంది. చల్లారినాకా బండి అందుకుంటే చేను పోయినట్టేనని కారు వైపే చూస్తోంది. మధ్యాహ్నం దాటాక లేవి ఇనుప కడ్డీ తగిలించి తిప్పీ తిప్పీ భుజం పట్టుకున్నాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది.

ఆమె మోసం పట్టేసినా, బస్సు కోసం నిలబడినప్పుడు ఓబులేసు మాట మారలేదు. "ఇది గాకపోతే కడపలో ఇంకోటి ఉండాది. చేను బేరం ఎట్లనూ కుదిరింది. రేపు సంతకం పెట్టేసి రా."

"సంతకం మర్చిపోయినా."

"పోనీ, వేలిముద్ర వెయ్యి."

సుబ్బరత్నమ్మ బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.