కాలని జరీ

భాగీరథి ఇంట్లో జరీ అంటని వస్తువంటూ లేదు. పొట్టకూటికి వలస వచ్చిన భేస్తాన్‌లో, ఆ రెండు గదుల ఇంట్లో కూర్చుని ఇరవై ఏళ్ళుగా జరీ కండెలు చుడుతోంది మరి! అన్నంలో మెరుపు, దువ్వెనలో మెరుపు, ఆఖరికి పచ్చడి జాడీ మూత మీదా మెరుపే. "మనింట్ల దొంగలు వడ్డా మెరుసుకుంట దొరుకుతరు" అని మొగుడు రాజమల్లు ఎగతాళి చేసేవాడు. అందుకే ఆ పొద్దున తమ్ముడి గ్యారేజీలో, టబ్బు నిండా ఉన్న నల్లటి ఇంజన్ ఆయిల్లో బంగారు మెరుపులు కనబడితే ఆమెకు వింతగా తోచలేదు.

అసలామె వచ్చింది సర్వపిండి ఇచ్చిపోదామని. కూతురు రుచిత వ్యాను నడిపే మొదటి రోజు అది. హజీరాలో ఒక కంపెనీ క్యాంటీనుకు ఎనిమిది మంది ఆడవాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావాలి. గంట కిందటే అందరినీ ఎక్కించుకుని వెళ్ళింది పిల్ల. వ్యాను పాతదే కానీ, ఇంజన్‌ను మేనమామ గోపాల్ ముక్కముక్కా విప్పి మళ్ళీ కట్టాడు. పదహారేళ్ళు మరమగ్గాలు బాగుచేసి, ఆ తర్వాత కార్ల పని నేర్చుకుని, సొంత షెడ్డు వేసుకున్న మనిషి. ఒక్కడే కూర్చుని కట్టిన మొదటి ఇంజన్ ఇదే.

"మగ్గాలు జేసెటోని చేతికి ఇంజన్ ఇస్తవా? అండ్ల కూసునేది మన బిడ్డ" అని రాజమల్లు మొత్తుకున్నాడు. భాగీరథి వింటేగా! "నా తమ్ముని జిమ్మ నాది, ఏమన్నైతె నన్నడుగు" అని తెగేసి చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. బడిలో పంతులు అడిగినా, మగ్గాల షెడ్డులో సేటు అడిగినా, గోపాల్ నోరు తెరిచేలోపే జవాబు అక్క దగ్గర్నుంచి వచ్చేసేది.

"ఏందిరా ఇది, ఆయిల్ల గింత మెరుపు?"

గోపాల్ చేతులు తుడుచుకుంటూ తలెత్తలేదు. "పొద్దున దీసిన పాత ఆయిలక్కా. ఇంజన్ కట్టి నేనే ఐదొందల కిలోమీటర్లు తిప్పిన, గప్పుడు మార్సాలె. కట్టినప్పుడు పోసింది మీ ఇంటి గరాటుతోనేనాయె. జరీ వడ్డది."

"ఓరి నీ అవ్వ! నా జరీ ఇంజన్ల దాంక బోయిందా!" భాగీరథి పకపకా నవ్వింది. నవ్వుతూనే గాజుకున్న పిన్నీసు తీసి ఆయిల్లోంచి ఒక మెరుపును పైకెత్తింది. ఊరికే కూర్చోని చేతులు అవి. వేలి మీద రుద్దితే జరీ జారిపోవాలి. ఇది గరగరలాడింది.

సలాబత్‌పురా బజారు నుంచి వచ్చిన ఏ కండెనైనా ఒక కొసను కాల్చి చూడనిదే చుట్టే అలవాటు లేదామెకు. ప్లాస్టిక్ జరీ అయితే మంట తగలగానే ముడుచుకుని నల్లటి ఉండవుతుంది, కంపు కొడుతుంది. రాగి జరీ అయితే కాలదు. కానీ రాగి జరీ ఆమె గడప తొక్కి పదేళ్ళు దాటింది. ఆ రవ్వను గుడ్డకు తుడిచి, బల్ల మీద అగ్గిపెట్టె అందుకుని, టబ్బుకు దూరంగా వాకిట్లోకి పోయి పుల్ల గీసింది.

అంటిన ఆయిల్ చురుక్కుమని మండిపోయింది. రవ్వ మాత్రం ముడుచుకోలేదు, కంపు కొట్టలేదు. చల్లారాక పిన్నీసు మొనన ఎర్రగా అలాగే ఉంది. ఇంకోటి తీసి కాల్చింది. అదీ అంతే.

"గోపీ, ఇది జరీ గాదురా."

అగ్గిపెట్టె పెట్టేద్దామని లోపలికి వచ్చి బల్ల కింద చూసింది. కాలిన అగ్గిపుల్లలు! ఒకటా, రెండా? గుప్పెడు. పక్కనే మసిబారిన సూది ఒకటి. గోపాల్‌కు బీడీ అలవాటు లేదు.

"నీకు ఎరికేనారా?"

గోపాల్ పాత టైరు మీద కూలబడ్డాడు. "బేరింగులక్కా. ఇంజన్ల ఇరుసు తిరిగేది వాటి మీదనే. పైపూత అరిగితె లోపలి రాగి లేస్తది. గదే ఇది."

"పాతయి ఏసినవా?"

"కొత్తయే ఏసిన. ఇరుసు అరిగిందో లేదో కొలిపియ్యలే. గోరు వెట్టి సూసిన, నున్నగనే తాకింది. మగ్గం ఇరుసును గట్లనే సూస్తం గద..."

మగ్గానికి చెల్లిన గోరు ఇంజన్‌కు చెల్లుతుందా! మగ్గం ఆగితే బట్ట ఆగుతుంది, అంతే. హజీరా రోడ్డు మీద, ముందూ వెనకా కొండల్లాంటి లారీల నడుమ, తొమ్మిది మందితో పోతున్న బండి ఉన్నపళంగా బిగుసుకుపోతే? భాగీరథి తమ్ముడి భుజం పట్టి కుదిపింది.

"ఎరికై ఎరికై బిడ్డనెట్ల పోనిచ్చినవ్‌రా?"

"ఆయిల్ దీస్తుంటె కనవడ్డదక్కా. బయట ఆడోళ్ళందరు నిలవడ్డరు. బావ కొబ్బరికాయ వట్టుకొని నిలవడ్డడు. నోరు రాలే. జరీనే గావచ్చు అనుకున్న. వాళ్ళు పోయినంక కాల్చి సూసిన. కాలలే. తర్వాతదన్న కాలుతదేమోనని ఇంకోటి... గట్లనే..."

"ఫోన్ జెయ్యకుంట పుల్లలు గీసుకుంట కూసున్నవా? థూ!"

కూతురికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తనని నిన్న రాత్రే పిల్ల చేత తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఎవరో కాదు, తనే! ఆ చెయ్యి ఇప్పుడు నెత్తి మీద బండరాయిలా బరువెక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ వ్యానులో పక్కింటి పద్మారాణి కూడా ఉందని.

"ఆఁ, అక్కా!" పద్మారాణి వెంటనే ఎత్తింది. వెనక లారీల హారన్లు.

"పద్మా, బండి ఏడుంది? జల్ది జెప్పు!"

"రోడ్డు పక్కకు నిలవెట్టిందక్కా నీ బిడ్డ. స్టీరింగు ఎనక ఏదో ఎర్ర లైటు బుగ్గ మినుకుమన్నదట. గంతే, పక్కకు దీసి బంద్ జేసింది. అందరం కిందికి దిగినం, దాని ఫోన్ బండ్లనే ఉండె. ఎవ్వరికేం గాలే."

భాగీరథి నేల మీదే చతికిలబడి బావురుమంది. అవతల ఫోన్ చేతులు మారింది.

"అమ్మా, ఏడ్వకు. మంచిగనే ఉన్న" అంది రుచిత. "ఆయిల్ బుగ్గ జర వెలిగినా ఎంటనే బంద్ జెయ్యమని మామ పొద్దున మూడు సార్లు జెప్పిండు. బండి కదిలినంక గూడ కిటికీ కాడికి ఉరికొచ్చి జెప్పిండు." అంతలోనే గొంతు మారింది. "అమ్మా, బుగ్గ వెలుగుతదని మామకు ముందుగాలనే ఎట్ల ఎరుక?"

జవాబు భాగీరథి నాలుక చివరికి వచ్చేసింది. మామకు పనితనం ఎరుక బిడ్డా, అందుకే జెప్పిండు. ఇంత చిన్న మాట. అంటే సరిపోయేది. టైరు మీద గోపాల్ ఆమె నోటి వంకే చూస్తున్నాడు, బడిలో పంతులు బెత్తం ఎత్తినప్పుడు చూసినట్టే.

ఆమె ఆ మాట మింగేసింది. లేచి, ఆయిల్ మరకల అతని చేతిలో ఫోన్ పెట్టింది.

"నీ మేనకోడలు అడుగుతంది. నువ్వే జెప్పు."

గోపాల్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అలవాటుగా అక్క వంక చూశాడు. ఈసారి భాగీరథి మాట అందించలేదు. పక్కనే నిలబడి ఎదురుచూసింది.