కాయిల్ మీద చెయ్యి

బండిలో లోపం పట్టుకోడానికి మా మామగారికి మీటర్లతో పని లేదని షెడ్డులో అందరూ అనేవారు. దారిలో ఆగిపోయిన బండి ఏదొచ్చినా ఆయన ముందు బానెట్ ఎత్తి అరచెయ్యి వేసి చూసేవారు. "ఇది కాలిపోతోంది, మార్చండి" అంటే మార్చాల్సిందే. "ఇది చల్లగా ఉంది" అంటే దాని జోలికి ఎవరూ పోకూడదు. మా ఆయన మోజుపడి కొన్న మీటర్లు అలమరాలో దుమ్ము కొట్టుకుపోతుండేవి. ముందు గదిలో కూర్చుని స్పేర్ పార్టులు అమ్మేది నేనే కాబట్టి, ఈ తతంగమంతా కిటికీలోంచి రోజూ చూసేదాన్ని.

ఆ విద్య కొడుక్కి ఎలా నేర్పారో కూడా నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఆయన మణికట్టు పట్టుకుని ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ వేడిగా ఉన్నప్పుడు దాని మీద అదిమేవారట. "ఉంచు. నేను చెప్పేదాకా తియ్యకు" అనేవారట. తట్టుకోలేక లాక్కుంటే, "అప్పుడే వదిలేశావా?" అని పనివాళ్లందరి ముందూ పకపకా నవ్వేవారట. మా ఆయన ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్తారు. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేస్తుంది.

అలాంటి షెడ్డుకి దర్జీగారి కారు వచ్చింది. కుట్టిన కోట్లు ఇంటింటికీ చేరవేసే పాత కారు అది. పొద్దున్న గుర్రంలా పరిగెడుతుంది. ఊరంతా తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక, ఏ కూడలి మధ్యలోనో టక్కున ఆగిపోతుంది. కాసేపు నీడన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. షెడ్డుకి తెస్తే మాత్రం మహా బుద్ధిమంతురాలు.

"నన్ను నడిరోడ్డు మీద ఏడిపించాలని కంకణం కట్టుకుంది మేస్త్రీ. వెనకాల బస్సువాళ్లు తిట్టే తిట్లు బయటికి చెప్పుకోలేను," అని దర్జీగారు తల పట్టుకున్నాడు.

మామగారు పాయింట్లు మార్పించారు. రెండు రోజులు తిరిగి మళ్లీ ఆగింది. కండెన్సర్ మార్పించారు, ప్లగ్గులూ వాటి వైర్లూ కొత్తవి వేయించారు. అయినా దాని బుద్ధి మారలేదు. చివరికి ఒకరోజు మా గేటు ముందే ఆగిపోతే, వేడి మీదే లోపలికి తోసుకొచ్చారు. మామగారు కాయిల్ మీద చెయ్యి వేశారు.

"మంచుగడ్డలా ఉంది. దీని జోలికి పోకండి."

"నాన్నా, ప్లగ్గుకి కరెంటు రావట్లేదు. వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే లేస్తోంది. నాకైతే కాయిలే అనిపిస్తోంది," అన్నారు మా ఆయన.

"నీకు అనిపిస్తుందిరా. నాకు తెలుస్తుంది." మామగారి గొంతు వీధిలోకి వినపడింది. "ఇంతమంది ముందు చెప్తున్నా, విను. నా చెయ్యి తప్పు చెప్పిన రోజున తాళాలు నీ మొహాన కొట్టి పోతాను. మళ్లీ ఈ గడప తొక్కను."

దర్జీగారు అక్కడే ఉన్నాడు. పనివాళ్లూ ఉన్నారు. పక్క కొట్టు టైర్లాయన కూడా తొంగి చూస్తున్నాడు. మా ఆయన స్పానర్లు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో నాకు అసలు సంగతి తెలిసింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నేను పెరట్లో ఉన్నాను. వచ్చేసరికి మామగారు మరుగుతున్న గిన్నెను ఒట్టి చేత్తో దించి, నింపాదిగా నడుచుకుంటూ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన మొహంలో చిన్న మార్పు కూడా లేదు.

"మామయ్యా, చెయ్యి!" అన్నాను.

ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. ఎర్రగా కమిలి బొబ్బలెక్కుతోంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసి, గబుక్కున పిడికిలి మూసేశారు. "ఏం కాలేదులే. నీ పని చూసుకో," అని వెళ్లిపోయారు. ఆయన నోటి దురుసుతో నేనూ ఎన్నోసార్లు ఏడ్చినదాన్నే. అయినా ఆ పిడికిలి చూశాక ఊరుకోలేకపోయాను.

మా ఆయనకు చెప్పాను. దాచాల్సిన విషయమా అది? "చేతులు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయండీ ఆయనకి. రేపే డాక్టరుకి చూపిద్దాం. షెడ్డులో మాత్రం మీరే ఏదో సర్దిచెప్పి, ఎవరూ చూడకుండా కాయిల్ మార్చేయండి. ఆ మాట అన్నాక తప్పని తేలితే మనిషి బతకడు," అని బతిమాలాను. "నేను చూసుకుంటాలే," అన్నారు మా ఆయన. నేను నమ్మాను.

మర్నాడు మా ఆయన దర్జీగారిని పిలిపించారు. టైర్లాయన్నీ రమ్మన్నారు. కారు స్టార్ట్ చేసి ఎండలో అలాగే వదిలేశారు. చాలాసేపటికి ఇంజన్ దగ్గి ఆగిపోయింది. మా ఆయన వేలి కొసతో కాయిల్‌ని అలా తాకి, వెంటనే లాక్కోవడం కిటికీలోంచి నాకు కనపడింది. ఆ తర్వాతే తండ్రిని కేకేశారు.

"నాన్నా, నువ్వోసారి చూడు."

మామగారు వచ్చి చెయ్యి వేశారు. "చెప్పానుగా, చల్లగానే ఉంది."

"సరిగ్గా చూడు. ఉంచు. నేను చెప్పేదాకా తియ్యకు."

ఆ మాట చెవిన పడగానే మామగారు తలెత్తి కొడుకు వైపు చూశారు. అంతా అర్థమైపోయిందని ఆ చూపులోనే నాకు తెలిసింది. చెయ్యి తీసేయొచ్చు. తియ్యలేదు. ఆ మొండితనం ఆ ఇంటి మగాళ్ల రక్తంలోనే ఉంది.

"దర్జీగారూ, మీరూ ఓ చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉందట," అన్నారు మా ఆయన.

పాపం, దర్జీగారు నమ్మకంగా వేలు పెట్టి, "అమ్మో!" అని గెంతాడు. వేళ్లు నోట్లో పెట్టుకుని, కాయిల్ మీద ఇంకా అలాగే ఉన్న ముసలాయన చేతిని చూసి నోరెళ్లబెట్టాడు. ఎవరూ నవ్వలేదు. కమురు వాసన వస్తోంది. అయినా మా ఆయన "తియ్యి" అనలేదు.

నేను పరిగెత్తుకెళ్లి మామగారి చెయ్యి లాగేశాను. అరచేతి తోలు కొంత కాయిల్‌కే అంటుకుపోయింది.

"నీళ్లు! చల్లటి నీళ్లు తీసుకురండి!" అని అరిచాను.

మా ఆయన చెంబుతో నీళ్లు తెచ్చారు. ఇప్పటికైనా మనసు కరిగిందనుకుని, నేను మామగారి చెయ్యి ముందుకు చాపి పట్టుకున్నాను. మా ఆయన నా పక్కనుంచి వంగి ఆ నీళ్లన్నీ కాయిల్ మీద పోశారు. చల్లారాక లోపల కూర్చుని తాళం తిప్పారు. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

"చూశావా నాన్నా? కాయిలే," అన్నారు.

మామగారు ఎడం చేత్తో నడుముకున్న తాళాల గుత్తి విప్పి, కారు ముక్కు మీద పెట్టారు. మొహాన కొట్టలేదు. నేను పట్టుకోబోతే విదిలించుకుని, ఒక్కరే గేటు దాటి వెళ్లిపోయారు.

వెనకే వెళ్లి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. షుగరు వల్ల నరాలు చచ్చిపోయాయని, ఇక ఆ చేతికి స్పర్శ రాదని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చి మామగారిని లోపలి గదిలో పడుకోబెట్టాను. ఆయన గోడ వైపు తిరిగిపోయారు.

సాయంత్రం మా ఆయన వచ్చి, వరండాలో తండ్రి కుర్చీలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నారు. దర్జీగారు కొత్త కాయిల్‌తో ఊరంతా తిరిగొచ్చాడట, కారు ఎక్కడా ఆగలేదట. "టీ పట్రా," అన్నారు హుషారుగా. నాకు ఒళ్లు మండిపోయింది. కుతకుతా మరుగుతున్న టీ స్టీలు గ్లాసులో అంచుదాకా పోసి, గుడ్డతో పట్టుకుని తెచ్చి, గుడ్డ తీసేసి ఆయన అరచేతిలో పెట్టాను.

కెవ్వుమని అరిచి వదిలేశారు. గ్లాసు గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది.

"నీకేమన్నా పిచ్చెక్కిందా?"

"మీ చేతికి బాగానే తెలుస్తోందే," అన్నాను.

లోపలి గదిలోంచి, పొద్దుటి నుంచీ పెగలని గొంతు పెగిలింది.

"అప్పుడే వదిలేశావా?"

మా ఆయన మొహం పాలిపోయింది. తర్వాత వంగి, గ్లాసు తీసి నా ముందుకు చాచారు.

"మళ్లీ టీ పొయ్యి," అన్నారు, లోపలికి వినపడేలా. "ఈసారి వదలను."

నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించాను.