పాలు తాగిన గుడ్డ

పెడన కాలవ నీళ్ళు ఉప్పుదేలి మూడేళ్ళయింది. అయినా సుబ్బులమ్మ పొద్దున్నే అద్దకం గుడ్డలు తెచ్చి అందులోనే జాడిస్తుంది. ఎరుపంతా కరిగి సముద్రం దారి పడుతుంది. వెలిసిన గుడ్డ ఎవరు కొంటారు? సోమవారం నుంచి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తుంచడానికి రమ్మన్నారు. వస్తానంది.

శనివారం కూతురు ప్రసన్నకి గుడివాడలో పోటీ. ఏటా ఊడ్పులయ్యాక అక్కడ కొత్త ప్రాణుల పోటీ పెడతారు. నిరుడు నాగాయలంక బెన్నీ తయారుచేసిన ఈలవేసే రొయ్యకి ఫస్టు ప్రైజొచ్చింది. ఇప్పుడా రొయ్యల్ని వండబోతే మూకుట్లోంచి కూడా ఈలేస్తున్నాయి.

ప్రసన్న చేసింది జానెడు గుడ్డ. తెల్లగా, పల్చగా ఉండి ఊపిరి పీలుస్తుంది, ఉప్పు తాగి బతుకుతుంది. శుక్రవారం మధ్యాహ్నం దాన్ని దండెం మీద వేసి అన్నానికి కూర్చుంది.

తెల్లగుడ్డ కనబడితే సుబ్బులమ్మ చేతులు ఆగవు. రంగు నిలిచేందుకు అత్తగారు నేర్పిన పద్ధతిలో చెంబెడు గేదెపాలు కలిపిన కరక్కాయ నీళ్ళల్లో ముంచింది. ఎండలో ఆరేసింది. చేప అచ్చు ఒకటి వేసింది. గుడ్డ తుమ్మింది.

"అమ్మా, ఏం చేశావు? ఉప్పునీళ్ళు తప్ప ఇంకేం తగలనివ్వకుండా నాలుగు నెలలు పెంచాను దాన్ని."

"పాల చుక్క ఎరగని పసిదాన్ని పోటీకి తీసుకెళ్తావా? సిగ్గులేదుటే?"

గుడివాడలో జడ్జీ శామ్యూల్ రాజ్ గారు భూతద్దం పెట్టి చూశారు. అచ్చువేసిన చేప గుడ్డలో ఆ అంచు నుంచి ఈ అంచుకి ఈదుతోంది.

"నువ్వు నింపిన ఫారంలో చేప లేదు కదమ్మా."

"మా అమ్మ వేసిందండీ."

"ఫారంలో అమ్మగారూ లేరు."

పేరు కొట్టేశారు. ఓడిన ప్రాణిని స్పిరిట్ సీసాలో వేసి మరీ వెళ్ళాలని రూలు. ఆయన సీసా మూత తీశారు. వెనక బెంచీలోంచి సుబ్బులమ్మ లేచొచ్చి గుడ్డని కొంగులో చుట్టుకుంది.

"నా చేతి పాలు తాగిందండీ ఇది. సీసాలో మీ రూలు వేసుకోండి."

తల్లీకూతుళ్ళు పెడన బస్సెక్కారు. దారిపొడుగునా గుడ్డ సుబ్బులమ్మ చెమటలోని ఉప్పు తాగుతూ పడుకుంది. ఊళ్ళో దిగగానే కాలవలో వదిలారు. అది విచ్చుకుంటూ, విచ్చుకుంటూ, అడుగునంతా పరుచుకుంది.

సోమవారం పొద్దున సుబ్బులమ్మ మిగిలిన నాలుగు గుడ్డల్లో ఒకటి జాడించింది. ఎరుపు కదల్లేదు. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. చిన్నప్పటి కాలవ రుచి. పాదాల కింద అచ్చుచేప ఒకటి మెల్లగా రాసుకుంటూ పోయింది.

గట్టు మీద ఫ్యాక్టరీ ఆటో హారన్ కొట్టింది.

"రావా, అక్కా?"

"చేతులు ఖాళీ లేవయ్యా," అని సుబ్బులమ్మ ఇంకో గుడ్డ అందుకుంది.