ఇరవై ఏడు ఎముకలు

"ఇంట్లో పనులన్నీ తనే చేసుకుంటుందండీ, పెద్దగా ఇబ్బందేం లేదు" అన్నాడు మా ఆయన, లాండ్రీ కంపెనీ తరఫున వచ్చిన మనిషితో. అప్పుడు నేను వంటింట్లో పాల ప్యాకెట్ మూలను పళ్లతో కొరికి చింపుతున్నాను. ఆయన మాటలో చెడు ఉద్దేశం లేదు. ఇల్లు చక్కగా సాగుతోందని బయటివాడి ముందు చెప్పుకోవడం, అంతే. వచ్చినతను మాత్రం ఆ మాటను శ్రద్ధగా రాసుకుని వెళ్లాడు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీలో ఏడేళ్లు పనిచేశాను. ఇస్త్రీ చేసే వేడి రోలరు ముందు, చేతులు లోపలికి పోకుండా ఉండే అడ్డకడ్డీ విరిగి నెల దాటింది. సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పాను. "ధ్యాస పని మీద ఉంటే కడ్డీ ఎందుకు?" అన్నాడు. ఒక మధ్యాహ్నం దుప్పటి మడతపడితే సరిచేయబోయాను. దాంతోపాటు నా కుడిచెయ్యీ లోపలికి పోయింది. మధ్యలో మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. ఇంటికొచ్చిన రోజు అత్తయ్య నా కట్టు చూసి "అయ్యో తల్లీ" అని, ఆ వెంటనే "మరి వంటెలాగే?" అంది. ఆవిడనేం అనను. ఆసుపత్రిలో కళ్లు తెరవగానే నాకూ నొప్పికంటే ముందు పాప జడ గుర్తొచ్చింది.

నష్టపరిహారానికి దరఖాస్తు పెడితే, చెయ్యి ఎంత మేరకు దెబ్బతిందో తేల్చమని డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ నా రెండు చేతుల ఎక్స్‌రేలూ వెలుగు పలక మీద పక్కపక్కనే పెట్టింది. "చూడమ్మా, బాగున్న చేతిలో ఇరవై ఏడు ఎముకలుంటాయి" అంది.

నేను లేచి దగ్గరికెళ్లాను. మణికట్టు దగ్గర గులకరాళ్లలా ఎనిమిది, ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చున్నాయి. వాటి మీంచి సన్నగా, తెల్లగా వేళ్లదాకా సాగిన వరసలు. ఇంత పనితనాన్ని ముప్పై ఎనిమిదేళ్లుగా భుజానికి తగిలించుకుని తిరిగానా? అంట్లలో ముంచాను, నూనె చిందితే నీళ్లకింద పెట్టి మళ్లీ పనిలో పెట్టాను. దాని ముఖం ఒక్కసారైనా చూసి ఎరగను.

"ఎడంచేత్తో పనులు ఎవరు నేర్పారు?" అంది డాక్టరమ్మ.

"ఎవరు నేర్పుతారండీ, పాపకు బడి టైమైపోతుంటే!"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

కార్మిక శాఖ ఆఫీసులో విచారణ రోజు కంపెనీ లాయరు కాగితం తీసి మా ఆయన మాటే చదివాడు. "ఇంట్లో అన్ని పనులూ చేస్తోందట. అంటే పనిచేసే శక్తి పోలేదనేగా!" నా పక్కన కూర్చున్న మా ఆయన "ఏదో మాటవరసకన్నాను" అని గొణిగాడు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ అధికారి నావైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"చేస్తున్నానండీ. డబ్బా మూత మోకాళ్ల మధ్య నొక్కి తిప్పుతాను. తడిబట్ట కుళాయికి చుట్టి పిండుతాను. కూరగాయను ఈ రెండు వేళ్ల మధ్య ఇరికించి కోస్తాను, జారితే ఏరుకుంటాను. పాప జడలో ఒక పాయ పళ్లతో పట్టుకుంటాను. అరగంట పనికి రెండు గంటలు. ఎవరికీ కనపడదు, వాళ్లు లేచేసరికి అయిపోయుంటుంది కాబట్టి. ఇంట్లో అయితే నేను ముందు లేవగలను. రోలరు కంటే ముందు లేవలేను కదండీ."

టైపు చేస్తున్న గుమాస్తా చేతులు ఆగిపోయాయి. "ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఎక్కించండి. ఒక్క మాట వదలొద్దు" అన్నాడు అధికారి. ఆ తర్వాత గుమాస్తా లేచి నిలబడి, రికార్డు కోసం అంతా పైకి చదివాడు. డబ్బా మూత, తడిబట్ట, జడపాయ. ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం లేని ఆ గదిలో, నా వంటిల్లు తీర్పులా గంభీరంగా వినిపించింది. ఇవన్నీ చేసింది నేనేనా? ఎవరో గొప్పావిడ గురించి వింటున్నట్టుంది. మా ఆయన నా చేతికేసి చూస్తూ, "పళ్లతోనా?" అని మెల్లగా అడిగాడు. నా వేళ్లు పోయిన ఈ మూడు నెలలూ అదే ఇంట్లో ఉన్నాడు.

ఇంటిపని చేస్తోందని కూలిపని చేయగలదనలేం, కడ్డీ బాగుచేయించని తప్పు కంపెనీదే అని ఉత్తర్వు వచ్చింది. పరిహారం పూర్తిగా ఇవ్వాలన్నారు.

చివరి ఫారం నింపడానికి ఇద్దరం వెళ్లాం. అలవాటు కొద్దీ మా ఆయన కలం తీసుకున్నాడు. నేను చెయ్యి చాపాను. ఇచ్చేశాడు. ఏ కాగితంలోనైనా ఆయన పేరు కింద, రెండో వరుసలో ఉండేదాన్ని. ఇందులో పైన నా పేరు, దాని కింద 'మీపై ఆధారపడినవారు' అని ఒక గడి. ఎడంచేత్తో, ఒకటో తరగతి పిల్లలా వంకరటింకరగా రాశాను. ఒకటి, భర్త. రెండు, అత్తగారు. మూడు, కూతురు.

గుమాస్తా కళ్లద్దాలు సవరించుకున్నాడు. "మీవారు ఉద్యోగం చేస్తారుగా? ఈయన కూడా మీమీదే ఆధారపడ్డారా?"

మా ఆయన నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు నేనే అన్నాను.

"అవునండీ. మొదట్నుంచీ."