అతిథుల కోసం తెరిచిన దిబ్బ

ఆటు వచ్చి నీళ్లు మోకాళ్లకు దిగినప్పుడల్లా ఉలమిలా బుట్ట చంకన పెట్టుకుని పగడపు దిబ్బ మీదికి వెళ్లేది. చేపలకు కాదు. ఆ దిబ్బ మీద ఊరు తంబు, అంటే నిషేధం, పెట్టింది. గాలం గానీ వల గానీ అక్కడ పడకూడదు. ఆమె వెళ్లేది వాసువాల కోసం, ఆ పెద్ద జాతి ఆల్చిప్పల కోసం. పట్నంలోని యూనివర్సిటీ వాళ్లు అరచేతిలో ఇమిడేంత ఆల్చిప్ప పిల్లల్ని తెచ్చి ఇస్తే, తన చేత్తోనే రాళ్ల మధ్య కుదురుగా పెట్టింది. పట్టిన నాచు తోమేది. తొలిచి తినే నత్తల్ని ఏరి పారేసేది. ఇప్పుడవి అన్నం పళ్లేలంత అయ్యాయి. ఆమె నీడ పడగానే నీలం పెదవులు ముడుచుకునేవి. "నేనేలే, భయపడకండి" అనేది వాటితో.

వాసువా అన్నది ఆమె అమ్మమ్మ తరంలోనే ఆ ఒడ్డున కరువైపోయింది. మళ్లీ వస్తుందని యూనివర్సిటీ తరఫున వచ్చిపోయే లోసలీని అనే అమ్మాయి చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు, ఈవిడ తప్ప.

"వచ్చే ఏడు ఇవి గుడ్లు విడుస్తాయి అత్తా. ఒక్కసారి విడిచాయంటే ఇక మేం తేనక్కర్లేదు. దిబ్బే తన పిల్లల్ని తాను కంటుంది" అందా పిల్ల.

ఆ ఒక్క ఏడాది కోసం ఉలమిలా రోజూ ప్రార్థన చేసేది.

అంతలో కబురొచ్చింది. తంబు తప్పకుండా నిలబడిన ఊరని సన్మానించడానికి యూనివర్సిటీ పెద్దాయన, ఆయనతో విదేశీ అతిథులు పడవల్లో వస్తున్నారట. ఊరు ఊరంతా పొంగిపోయింది. ఆడవాళ్లు కొత్త చాపలు అల్లడానికి కూర్చున్నారు. చర్చిలో ఉలమిలా మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. లేచి బయటికొస్తూ మెట్ల మీదే ఆగింది. వచ్చినవాళ్లకు ఏం పెడతారు?

ఊరి వ్యవహారాలు చూసే ఇనోసి ఆమెకు మేనత్త కొడుకు. పడవ పక్కన వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, విందుకు చేపలెక్కణ్ణుంచి తెస్తావ్?"

"నీ నోట్లోంచే మరదలా. ఆ వాగుడుకి వలేస్తే ఊరంతటికీ సరిపోతుంది."

"వెటకారం తర్వాత. దిబ్బ జోలికి పోనని మాటివ్వు."

ఇనోసి నవ్వడం మానేశాడు. "మాటివ్వడానికి నేనెవర్ని? ఊరి దొర రాటుగారున్నారు, పెద్దలున్నారు. బయటి సముద్రంలో ఏదైనా తగిలితే సరే. తగలకపోతే డబ్బా చేపలు వడ్డించమంటావా? చుట్టుపక్కల దీవులవాళ్లు మన మీద పాటలు కట్టరూ?"

ఆమె ఎవరికీ చెప్పకుండా లోసలీనికి ఫోన్ చేసింది.

"మీ వాళ్లని ఇక్కడ తినొద్దని చెప్పమ్మా. తిండి తెచ్చుకోమను."

"అదేం మాట అత్తా! మా అమ్మ వింటే నా మీద చీపురు తిరగేస్తుంది."

"తప్పేనమ్మా. నాకు తెలుసు. కానీ వాసువాలు బతకాలి."

లోసలీని తన వాళ్లకు చెప్పింది. జవాబు ఇనోసికే వచ్చింది, ఎంతో మర్యాదగా: గ్రామస్థులకు శ్రమ కలిగించకుండా తమ భోజనం తామే తెచ్చుకుంటారట.

ఇనోసి దాన్ని పెద్దల ముందు చదివాడు. కావా పానీయం చిప్ప చేతులు మారుతున్నదల్లా ఆగిపోయింది. రాటుగారు చిప్ప పక్కకు పెట్టి అడిగాడు.

"మనకు పెట్టే చెయ్యి లేదనుకున్నారా?"

"తంబు పెట్టుకుని దరిద్రులమయ్యాం అనుకుంటున్నారు కాబోలు" అన్నాడు ఇంకొకాయన.

"దిబ్బ తెరవండి" అన్నాడు రాటుగారు. "వాసువాలే పెట్టండి. మనం ఏం పెంచామో చూసి వెళ్తారు."

గుమ్మం దగ్గర కూర్చున్న ఉలమిలా లేచి నిలబడింది. ఆడది అక్కడ లేచి మాట్లాడే ఆచారం లేదు. అయినా మాట్లాడింది.

"రాటూ, ఆ మాట వాళ్లతో అనిపించింది నేను. వాళ్ల తప్పు లేదు."

రాటుగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నీ మనసు నాకు తెలుసు తల్లీ. అతిథి మన గడపలో తన మూట విప్పుకుని తింటే ఆ మచ్చ మన పిల్లల్ని కూడా వదలదు. ఒక్క పూటే. మళ్లీ మూసేద్దాం."

ఆమె పాస్టరుగారి వైపు చూసింది. "అతిథిని ఆదరించమనే కదమ్మా వాక్యం" అన్నాడాయన మెల్లగా. ఆ వాక్యం ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేది ఆమే. ప్రభువా, తోటను కాయమన్నదీ నువ్వే, వచ్చినవాడికి పెట్టమన్నదీ నువ్వే. రెండూ ఒక్క ఇంట్లో పడితే నేనేం చెయ్యను? మనసులోనే అడిగి, మళ్లీ కింద కూర్చుంది.

విందు రోజున వాసువాలను సన్నగా తరిగి, నిమ్మరసంలో ఊరవేసి, కొబ్బరిపాలు పోసి, వాటి చిప్పల్లోనే వడ్డించారు. తరిగిన చేతుల్లో ఉలమిలావీ ఉన్నాయి. యూనివర్సిటీ పెద్దాయన ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"అద్భుతం! ఎక్కడివివి?"

"మీరిచ్చినవే అయ్యా!" ఇనోసి ఛాతీ విరుచుకున్నాడు. "మా తంబు దిబ్బ మీద పెరిగినవి."

పెద్దాయన చెయ్యి చిప్ప మీదే ఆగింది. లోసలీని వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ఊరంతా చాపల మీద కూర్చుని ఆయన నోటికేసే చూస్తోంది. ఆయన తిన్నాడు. ఆ చోట ఎవరైనా తింటారు. తర్వాత లేచి, సంస్కృతినీ సముద్రాన్నీ కలిపి కాపాడుకున్న ఊరని, రాసుకొచ్చిన ప్రసంగం చదివాడు. గొంతు మాత్రం కొంచెం తగ్గింది. జనం చప్పట్లు కొట్టారు.

విందు కోసం పీకిన తంబు హద్దు కొయ్యల్ని మళ్లీ పాతలేదు. ఎవరో ఒకడు ఈటె పట్టుకుని దిగాడని పక్కింటివాడు దిగాడు, వాడు దిగాడని మిగతావాళ్లు. ఇనోసి మొదట కేకలేశాడు. గొంతు పోయాక ఆయనే వల భుజాన వేసుకున్నాడు.

మళ్లీ పడవ వచ్చినప్పుడు లోసలీని తిన్నగా ఉలమిలా ఇంటికి వచ్చింది.

"అత్తా, కొత్త పిల్లల్ని తెస్తాం. మా పెద్దాయనే అడిగి రమ్మన్నారు."

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? నీ చేతిలో పెరిగాయి కదా."

"పెరుగుతాయి. పెరిగితే చూడ్డానికి మీ వాళ్లొస్తారు."

"ఈసారి ఏమీ తినకుండా వెళ్లేట్టు నేను చూస్తా."

"తినకుండా ఎలా వెళ్తారే?" ఉలమిలా కసురుకుంది. "నేను మాత్రం వెళ్లనిస్తానా?"

ఉలమిలా ఆమెకు టీ, ఉడికించిన కర్రపెండలం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. పడవ వెళ్లాక గాలం దారం చుట్టుకుని, మిగతా ఆడవాళ్లతో పాటు దిబ్బ మీదికి నడిచింది. ఖాళీ చిప్పలు కాళ్ల కింద పటపటమంటున్నాయి. మంచి చోటు చూసుకుని నిలబడి, అలవాటు కొద్దీ చిన్న ప్రార్థన చేసి, గాలం విసిరింది.