నాలుగు పాయల జడ

ఆ నర్సు పనిచేసే ఆసుపత్రికీ ఆమె ఇంటికీ మధ్య ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. చిన్నపిల్ల అయిన కూతుర్ని దర్జీ పని చేసే భర్త దగ్గర వదిలి వెళ్ళింది. పిల్ల తిండి గురించి ఆమెకు బెంగ లేదు, ఆయన వంట బాగానే చేస్తాడు. బెంగంతా జుట్టు గురించే.

ఆడవాళ్ళ వార్డులో కాస్త తీరిక దొరికితే చాలు, రోగులకు జడలు వేసేది. ఒక ముసలావిడది ఎలుక తోకంత జడ. "వదులుగా వెయ్యమ్మా, దిండుకి ఒత్తుకుంటోంది" అనేది. కాలు విరిగిన కాలేజీ అమ్మాయికి పక్క జడ కావాలి. ఎవరి తల ముట్టుకున్నా నర్సు వేళ్ళు మాత్రం నడినెత్తిన ఒక సుడి కోసం వెతికేవి. ఆ సుడి దగ్గర కూతురి జుట్టు ఎంత దువ్వినా లేచి నిలబడేది.

ఫోనులో పిల్ల కనబడగానే, "ఏదీ, వెనక్కి తిరుగు" అనేది. మొదట్లో పక్కింటి పిన్ని వేసేది. బిర్రుగా లాగిన రెండు జడలు, కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కేవి. తర్వాత తండ్రి మొదలుపెట్టాడు. ఆ జడ పాపం ఎటు పోవాలో తెలియక ఒక పక్కకి తిరిగి ఉండేది. నర్సు నవ్వేది. ఫోను పెట్టేశాక నవ్వు ఉండేది కాదు.

చాలాకాలానికి సెలవు దొరికింది. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే దువ్వెన పట్టుకుని గడప మీద కూర్చుంది. పిల్ల ఎదిగిపోయింది, మోకాళ్ళ మధ్య ఇదివరకులా ఇమడలేదు. చెవులు కప్పుతూ రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్లు కట్టింది. పిల్ల అద్దంలో చూసుకుంది. మిషను దగ్గరున్న తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నాలుగు పాయలది వెయ్యవా?"

"ష్... అమ్మ వేసింది బాగుందిగా."

"బాగుంది. కానీ చెవులు మూసేసింది."

గోడ అడ్డమున్నా మాట వినబడింది. నర్సు లోపలికొచ్చి, "వెయ్యండి, నేనూ చూస్తాను" అంది.

ఆయన మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు. జుట్టు నాలుగు పాయలు చేసి, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోయాడు. అల్లేముందు, చూడకుండానే, బొటనవేలితో సుడి దగ్గర నొక్కి పట్టాడు. అక్కడ నొక్కాలని తనొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకుంది నర్సు.

"జడ వేశారా, కాజాలు కుట్టారా?" అంది. ముగ్గురూ నవ్వారు. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు.

ఆయన వెనకాలే వచ్చాడు. "బళ్ళో అందరికీ వాళ్ళమ్మలు వేస్తున్నారని ఏడ్చింది. ఎవరికీ లేని జడ ఒకటి వేద్దామని ఊలు దారాల మీద నేర్చుకున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాకూ నేర్పండి."

సెలవు అయిపోయేదాకా రోజూ పొద్దున పాఠమే. ఒక్కోసారి జడ మధ్యలోనే విడిపోయేది. "అది కాదమ్మా, దాని పక్కది!" అని పిల్ల తల తిప్పకుండానే కసిరేది. చివరికి ఒక జడ నిలిచింది. కొంచెం వంకర, అయినా నిలిచింది.

బయలుదేరే రోజు స్టేషను బెంచీ మీద, "ఇటు తిరుగు, నీకు నేను వేస్తాను" అంది పిల్ల. వేళ్ళు చిన్నవి, జుట్టు ఒత్తు. రైలు వచ్చేసరికి ఎలాగో ముడి పడింది.

వార్డులో ఆ జడని విప్పకుండానే ముడి చుట్టుకుని టోపీ పెట్టుకుంది నర్సు. తలస్నానం చేయక తప్పని రోజున విప్పి, దువ్వెన పెట్టకుండా కాసేపు అలాగే కూర్చుంది. తల ఆరాక అదే జడ తనే వేసుకుందామని చూసింది. ఎంత ప్రయత్నించినా వెనకాల నాలుగో పాయ వేలికి అందలేదు. మామూలు జడ వేసుకుని డ్యూటీకి వెళ్ళింది.